యల్లాకీ ఖలాస్‌కీ మధ్య

బల్లి ఊరందరికీ శకునం చెప్పి, తాను పోయి కుడితి తొట్లో పడిందట. ఆ సామెత నన్ను చూసే పుట్టించారేమోనని కువైట్‌లో నాకు చాలాసార్లు అనిపించేది. ఫర్వానియాలో ఒక ఇండియన్ స్కూల్లో నేను ఒకటో తరగతి టీచర్ని. ఏటా నలభై మంది పిల్లలు నా దగ్గర చదవడం, రాయడం నేర్చుకుని పైతరగతికి పోయేవారు. ఇంటికొస్తే తొమ్మిదేళ్ల నా కూతురికి అక్షరాలు రావు.

రాకపోవడం అంటే అలా ఇలా కాదు. 'మ' చూపిస్తే 'య' అనేది. 'ప'కీ 'వ'కీ తేడా దానికి కనబడేదే కాదు. నిన్న గుర్తుపట్టిన అక్షరం ఇవాళ కొత్తదై కూర్చునేది. అసలు కూర్చుంటే కదా. పుస్తకం ముందు పెట్టిన రెండు నిమిషాలకి కింద ఏదో కారు హారన్ వినబడేది, లేచిపోయేది. ఎందుకు లేచావే అంటే దానికే తెలీదు. బజారులో చెయ్యి వదిలితే ఇక వెతుక్కోవడమే. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, కొత్తవాళ్లు పేరడిగితే నోరు పెగలక నిలబడిపోయేది.

ఇప్పుడైతే ఇలాంటి పిల్లలకి డాక్టర్లున్నారు, వేరే పద్ధతులున్నాయి. అప్పుడు నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, చెక్క స్కేలు. దెబ్బకి దెయ్యం వదులుతుందని మా నాన్నగారు అనేవారు. ఆయనా మాస్టారే. నేను ఆ మాట నమ్మినంత గట్టిగా ఇంకే మాటా నమ్మలేదు.

ఆ ఏడు, అంటే 1990లో, అది మూడో తరగతి రెండోసారి తప్పింది. జూన్‌లో హెడ్మిస్ట్రెస్ నన్ను గదిలోకి పిలిచి, "మీ పిల్ల కాబట్టి ఇంకో అవకాశం ఇస్తున్నాం. సెప్టెంబర్లో మళ్లీ పరీక్ష పెడతాం. అప్పుడూ రాకపోతే వేరే దారి చూసుకోండి" అంది. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ నా ముఖం చూడలేదు. అది మరీ మంట.

మా ఆయన షుఐబాలో పెట్రోకెమికల్ ప్లాంటులో షిఫ్టు పని చేసేవారు. ఎప్పట్లాగే సెలవులకి అమలాపురం వెళ్దామన్నారు. నేను ససేమిరా అన్నాను. "ఈ రెండు నెలలూ దీన్ని కూర్చోబెట్టి చదివిస్తాను. పాసయ్యాకే ఊరు" అన్నాను. మా బిల్డింగులో తెలుగువాళ్లు సగానికి సగం మంది జూలైలోనే పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. మేం ఉండిపోయాం. ఎందుకుండిపోయాం అని ఎవరైనా అడిగితే మా ఆయన ఈనాటికీ నా పేరు చెప్పరు. నాకు మాత్రం తెలుసు కదా.

ఆగస్టు మొదట్లో ఒక గురువారం తెల్లవారేసరికి ఇరాక్ ట్యాంకులు మా రోడ్డు మీద పోతున్నాయి. మా ఆయన రాత్రి షిఫ్టుకి వెళ్లినవారు ఇంటికి రాలేదు. ఫోను పలకడంలేదు. ఆ పూట నేనేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తుంది, అయినా చెబుతాను. నోటుబుక్కు తీశాను. ఏదో ఒకటి మామూలుగా జరక్కపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది. అది కిటికీ దగ్గరికి పరిగెత్తి "అమ్మా, ఇంకో ట్యాంకు! అమ్మా, ఇంకోటి!" అని అరుస్తుంటే రెక్క పట్టుకుని లాక్కొచ్చి వీపు మీద రెండు వేశాను. బయట యుద్ధం, లోపల నేను.

మూడో రోజు మా ఆయన వచ్చారు. గడ్డం మాసి, చెప్పుల్లేకుండా. ఏమైందని అడిగితే మంచినీళ్లు అడిగారు. ఆ వారం చివర్లో పక్క ఫ్లాట్‌లో ఉండే కడప వాళ్లు తలుపు తట్టారు. వాళ్ల వెనకాల ఒకావిడ నిలబడి ఉంది, పాతికేళ్లుంటాయేమో, చేతిలో చిన్న మూట.

"మా ఊరి పిల్లే టీచరమ్మా. యజమానులు ఎండాకాలానికని లండన్ పోయినారు. ఈ పిల్ల ఒగతే ఆ ఇంట్లో ఉండిపోయినాది. మేం మగోళ్లం పదిమందిమి ఒగే రూములో ఉండాము. ఆడమనిషిని యాడ పెట్టుకునేది?"

లోపలికి రమ్మన్నాను. ఆవిడ యజమానుల ఇంటికి తాళం వేసి, ఆ తాళంచెవి చున్నీ కొసకి ముడేసుకుని, ఎండలో నాలుగు గంటలు నడిచి వచ్చింది. "మామా వచ్చి అడిగితే ఇయ్యాల గదా" అంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామా అంటారు. నా కూతురికి అది తెలీదు. "మీ మావయ్య లండన్‌లో ఉంటాడా పిన్నీ?" అని అడిగింది. ఆ నెలంతటికీ మా ఇంట్లో నవ్వు వినబడింది ఆ ఒక్కసారే.

మెల్లగా మనవాళ్లు బస్సులు కుదుర్చుకుని వెళ్లిపోవడం మొదలుపెట్టారు. బస్రా, బాగ్దాద్, అక్కణ్ణించి ఎడారి దాటి జోర్డాన్, ఆపైన బొంబాయి విమానం. ముందు ఆడవాళ్లూ పిల్లలూ, తర్వాత మగవాళ్లు అని మా వీధి పెద్దలు జాబితా రాశారు. దారిలో జనం వేలల్లో ఉన్నారని, పిల్లలు తప్పిపోతున్నారని కబుర్లొచ్చేవి. విన్నప్పుడల్లా పిల్లని దగ్గరికి లాక్కునేదాన్ని.

ఎందుకంటే నా కూతురికి పాస్‌పోర్టు లేదు. ఆ రోజుల్లో పిల్లల పేర్లు తల్లి పాస్‌పోర్టులోనే రాసేవారు. నా చెయ్యి వదిలితే అది ఎవరి పిల్లో చెప్పే కాగితం ముక్క లోకంలో లేదు. కొత్తవాళ్లడిగితే అది నోటితో చెప్పనూ లేదు. చేతి మీద పెన్నుతో ఊరి పేరు రాశాను, చెమటకి గంటలో పోయింది. గుడ్డముక్క మీద రాసి గౌను లోపల కుట్టాను. గరుగ్గా ఉందని పీకి పారేసింది. మళ్లీ కుట్టాను, మళ్లీ పీకేసింది. ఇక మిగిలింది ఒకటే దారి. అది తన చేత్తో 'అమలాపురం' అని రాయగలగాలి. ఆ ఒక్క మాట రాస్తే, తెలుగువాడెవడైనా చూసి ఇంటికి చేర్చకపోతాడా.

సెప్టెంబరు పరీక్ష గాలికి పోయింది. నాకు ఇప్పుడు ఇదే పరీక్ష. పొద్దున్నే కూర్చోబెట్టేదాన్ని. 'అయలావురం' అని రాసేది. కొట్టేదాన్ని. మళ్లీ 'అయలావురం'. సరిగ్గా 'మ' దగ్గరా 'ప' దగ్గరా, రెండుచోట్లా, ప్రతిసారీ. ఒక రోజు స్కేలు విరిగింది. విరిగిన ముక్కతో చెయ్యెత్తేసరికి కడపావిడ నా మణికట్టు పట్టుకుంది.

"కొట్టాకక్కా. కొడితే చదువొస్తాదా? భయమొస్తాది."

"నువ్వు చదువుకున్నావా, నాకు చెప్పడానికొచ్చావు?" అన్నాను. అనాల్సిన మాట కాదు.

"లేదక్కా, నాది ఏలిముద్రే" అంది ఆవిడ, చెయ్యి మాత్రం వదలకుండా. "మా మామా కొడుకు గూడా ఇట్లాంటోడే. ఒగచోట కుదురుగా ఉండడు. వాన్తో మూడేండ్లు ఏగినా. నాకొక్క రోజియ్యి."

ఏడుస్తున్న పిల్లని నేల మీద కూర్చోబెట్టి, స్టీలు పళ్లెంలో దోసెడు బియ్యం పోసింది. "సూడు తల్లీ. యల్లా అంటే పని మొదలు. ఖలాస్ అంటే ఇడుపు. నడుమ కదిల్తే ఓడిపోయినట్ల. పది లెక్కబెట్టేంతసేపే. యల్లా!"

నా కూతురు బియ్యంలో వేలితో 'మ' దిద్దింది. పది లెక్కపెట్టి ఆవిడ "ఖలాస్!" అనగానే లేచి వంటింట్లోకి పరిగెత్తి, గుమ్మం ముట్టుకుని, మూడు చుట్లు తిరిగి వచ్చి, "మళ్లీ అను పిన్నీ" అంటూ తనంతట తనే కూర్చుంది. తనంతట తనే! నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. దానికి అయిదో ఏట అక్షరాభ్యాసం చేసింది కూడా పళ్లెంలో బియ్యం పోసే. నాలుగేళ్లు నోటుబుక్కుల వెంటపడి, మొదటి రోజు మెట్టు దగ్గరికే మళ్లీ వచ్చాం. పదేళ్ల నా టీచరుద్యోగం మీద వేలిముద్ర మనిషి చేసిన వ్యాఖ్యానం అది. కుళ్లుకున్నాను, అబద్ధం ఎందుకు.

పది కాస్తా ఇరవై అయింది, యాభై అయింది. వారం తిరిగేసరికి అయిదు నిమిషాలయింది. దిద్దిన బియ్యమే మధ్యాహ్నం అత్తెసరు పెట్టేదాన్ని, బజార్లో బియ్యం దొరకడం లేదు మరి. "'ప' తల విడిగా ఉంటుందమ్మలూ, 'వ' తల అతుక్కుని ఉంటుంది" అని నేను చెప్పేదాన్ని. పదిసార్లలో రెండు సార్లు సరిగ్గా వచ్చేది. ఆ రెండిటికే నాకు ఏడుపొచ్చేది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ నేను టీచర్ని కదా, ఎవరో పెట్టిన ఆటకి నియమాలు నేను పెట్టాలి. కువైట్‌లో యల్లా అన్నది గుక్కెడు మంచినీళ్లలాంటి మాట. పద, కానీ, తొందరగా అనడానికి అందరి నోటా అదే. ఖలాస్ కూడా అంతే, అయిపోయింది అని. మా పిల్ల తెలివి చూడండి, కిటికీ కింద ఎవరి నోటెంట ఖలాస్ వినబడినా "అమ్మా, ఖలాసన్నారు!" అని తుర్రుమనేది. ఇలా కాదని కూర్చోబెట్టి చెప్పాను. "యల్లా నేనన్నా, పిన్ని అన్నా, నాన్న అన్నా, ఎవరన్నా సరే, వెంటనే కూర్చోవాలి. రాయాలి. ఖలాస్ మాత్రం నేనంటేనే లేవాలి. ఇంకెవరన్నా లేవకూడదు. లేచావో, ఇదిగో" అని విరిగిన స్కేలు ముక్క చూపించాను. అది తలూపింది. పదే పదే చెప్పించాను కూడా. పిల్లల చేత అప్పజెప్పించడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఆ పాఠం మాత్రం దానికి ఒక్కసారికే వచ్చింది.

మా పేర్లు సెప్టెంబరు మొదట్లో వచ్చాయి. కడపావిడకి పాస్‌పోర్టు బదులు ఎంబసీ వాళ్లిచ్చిన కాగితం ఒకటి దొరికింది, మాతోనే బయల్దేరింది. బస్సు దగ్గర మా ఆయన పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టారు. "దాని చెయ్యి వదలకు" అన్నారు, అంతే. వదలనన్నాను.

మూడు రోజుల ప్రయాణం. బాగ్దాద్ దాటాక అంతా ఎడారే. జోర్డాన్ సరిహద్దు ఇంకా కొంత దూరం ఉందనగా ఒక చోట సైనికులు బస్సులన్నీ ఆపారు. అందర్నీ దించి, కాగితాలు చూస్తూ ఎండలో రెండు గంటలు నిలబెట్టారు. అక్కడ యాభై బస్సులుంటాయి. మనవాళ్లు, బంగ్లాదేశీలు, శ్రీలంక వాళ్లు, ఈజిప్టు వాళ్లు. మా వంతు అయ్యింది. నేను మా కాగితాలు చంకలో ఇరికించుకుని, రెండు చేతుల్లో రెండు బ్యాగులు ఎత్తుకుని, "పిన్ని చెయ్యి పట్టుకోవే" అని కేకేసి ముందు తలుపు వైపు నడిచాను. సీట్లు పట్టుకోవాలని తాపత్రయం. కడపావిడ నీళ్ల డబ్బా వెనక తలుపులోంచి ఎక్కిస్తోంది. పిల్ల నా వెంట రావడం ఆవిడ చూసిందట. చూసి, నా దగ్గరుందిలే అనుకుని ఎక్కేసింది.

అప్పుడే సైనికుడొకడు బస్సు రేకు మీద తుపాకి మడమతో దబదబా బాది అరిచాడు. "యల్లా! యల్లా! యల్లా!"

జనం ఒకర్నొకరు తొక్కుకుంటూ ఎక్కారు. బస్సు కదిలింది. నిలబడ్డవాళ్ల మధ్య ముందువాళ్లకి వెనక ఏముందో కనబడదు. అరగంట పోయాక, "దాహం వేస్తోందేమో, దానికి కాసిని నీళ్లు పట్టించు" అని వెనక్కి కేకేశాను.

జనం తలల మీంచి కడపావిడ ముఖం లేచింది. "నీ కాడ లేదా అక్కా?"

ఆ తర్వాత నేనేం అరిచానో నాకు తెలీదు. జనాన్ని గోళ్లతో రక్కుకుంటూ డ్రైవరు దగ్గరికి వెళ్లాను. పిల్ల, పిల్ల అని నాకు తెలిసిన నాలుగు భాషల్లో చెప్పాను. అతను నా వంక చూడనైనా చూడలేదు. ఒక చెయ్యి గాల్లో ఊపి, "ఖలాస్, ఖలాస్" అన్నాడు. అయిపోయింది, ఇక వెనక్కి పోయేది లేదు అని. ఎక్కడ అనాల్సిన మాట ఎక్కడ అన్నాడు! కడపావిడ మాటలు వృథా అనుకుందేమో, వెనక తలుపు తోసి, పోతున్న బస్సులోంచి ఒక కాలు కిందికి దించింది. ఆడవాళ్లంతా కెవ్వుమన్నారు. బ్రేకు పడింది. ఇద్దరం దిగాం. మా బ్యాగులు, నీళ్లు, అన్నీ ఆ బస్సులోనే పోయాయి. పాస్‌పోర్టు మాత్రం నా గుప్పిట్లో ఉండిపోయింది, అందులో పిల్ల పేరు ఉంది.

వచ్చిన దారినే నడిచాం. మిట్టమధ్యాహ్నం. తారు మీంచి సెగ ముఖానికి కొడుతోంది. నడుస్తూ నేను ఆవిణ్ణి తిట్టాను. నీకు కళ్లు లేవా అన్నాను. నీ చేతుల్లో పెట్టడం నాదే బుద్ధి తక్కువ అన్నాను. ఆవిడ తలొంచుకుని నా పక్కనే నడిచింది. ఇంకా చెప్పాలంటే, ఒక క్షణం పిల్లనీ తిట్టుకున్నాను. అందరి పిల్లల్లాగా బస్సెక్కడం కూడా రాదా దీనికి, ఎందుకు పుట్టిందే నా కడుపున, అనుకున్నాను. ఆ మాట ఎవరూ వినలేదు. నేను విన్నాను.

చాలాసేపటికి కడపావిడ ఆగింది. "అక్కా, వాళ్లు యల్లా అన్న్యారు గదా."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రోడ్డు మీదే కూలబడ్డాను. ఎవరన్నా సరే, వెంటనే కూర్చోవాలి. నేనంటేనే లేవాలి. అది దారి తప్పలేదు. ఎటో వెళ్లిపోలేదు. నేను చెప్పిన చోట, నేను చెప్పినట్టు కూర్చుంది. ఎన్నేళ్లుగానో దాన్ని కుదురుగా కూర్చోబెట్టు తండ్రీ అని దేవుళ్లందరికీ మొక్కాను. మొక్కు తీరింది, ఎడారిలో, సెప్టెంబరు ఎండలో, చుక్క నీళ్లు లేని చోట.

"లెయ్ అక్కా, కదల్దు బిడ్డ. ఆడనే ఉంటాది" అంది ఆవిడ. నన్ను రెక్క పట్టి లేపింది. కదలదు, నాకూ తెలుసు. ఆ కదలకపోవడమే నన్ను చంపేస్తోంది.

ఒక నీళ్ల ట్యాంకరు ఎదురుగా వస్తే ఇద్దరం రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాం. అతను తిడుతూనే బండి వెనక్కి తిప్పాడు. అక్కడికి చేరేసరికి పొద్దు వాలుతోంది. పిల్లని వదిలేసి మూడు గంటలు దాటి ఉంటుంది. మా బస్సు ఆగిన చోట ఇప్పుడు వేరే బస్సులున్నాయి, వేరే జనం. ఆ కాళ్ల మధ్యలోంచి చూశాను.

ఇసకలో కూర్చుని ఉంది. బాసింపట్టు వేసుకుని, వీపు నిటారుగా పెట్టుకుని, బియ్యం పళ్లెం ముందు కూర్చున్నట్టే. పెదాలు పగిలిపోయాయి. ముఖం కందిపోయి ఎర్రగా ఉంది. గౌను తడిసి ఆరిన మరక. ఎవరో బంగ్లాదేశీ పెద్దాయన అట్టపెట్టె ముక్క ఒకటి దాని తల మీద గొడుగులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి హిందీలో, "నువ్వేనా తల్లివి? నీళ్లిస్తే తాగింది కానీ లేవనంటుందమ్మా. ఎత్తబోతే అరిచి గోల పెట్టింది. నా బస్సు కూడా పోయింది" అన్నాడు.

దాని చుట్టూ ఇసకంతా వేలితో రాసి ఉంది. 'అయలావురం', 'అయలావురం', 'అయలావురం'. జనం తొక్కినవి కొన్ని, కొత్తగా రాసినవి కొన్ని. వెతికాను, సరిగ్గా రాసింది ఒక్కటీ లేదు. నేను వచ్చి ఉండకపోతే ఏ తెలుగువాడు చూసినా ఆ ఊరు ఎక్కడుందో తెలిసేది కాదు.

నేను ఎదురుగా మోకాళ్ల మీద కూలబడ్డాను. అది తలెత్తి, ముందు నా ముఖం కాదు, నా చేతులు చూసింది.

"కదల్లేదమ్మా" అంది. గొంతు బొంగురుపోయింది. "సైనికుడు ఖలాసన్నాడు, ఈ తాతగారూ అన్నారు. అయినా నేను లేవలేదు. తప్పులున్నాయా? కొట్టవు కదా?"

ఖలాస్ అనాలి. ఒక్క మాట. నోరు తెరిచాను, మూశాను. మళ్లీ తెరిచాను. నా కూతురు నా నోటి వంకే చూస్తూ ఇంకా అలాగే కూర్చుని ఉంది.